చేపల తొట్టికి మూత

లైబ్రరీ వెనక ఇల్లు,
సోమవారం ఉదయం

వదినగారికి,

కుశలప్రశ్నలు చివర్లో అడుగుతాను, అప్పటికి కోపం చల్లారితే.

మీ కింది అంతస్తులో మిషను కుట్టే ఆవిడ నిన్న మా అమ్మాయికి ఫోన్ చేసింది. మాటల్లో మాటగా, మీ హాల్లోని తొట్టిలోంచి గీతల చేపలు రెండు బయటికి దూకి, చెప్పుల స్టాండు వెనక ఎండిపోయి దొరికాయని చెప్పింది. దూకిన చేపను వెంటనే చూసి నీళ్ళలో వేస్తే బతుకుతుంది. ఎండిపోవాలంటే ఒక పూట పడుతుంది. అంటే ఒక పూటంతా మీ ఇంట్లో ఎవరూ నేల వైపు చూడలేదన్నమాట.

ఫోన్ చేద్దామనుకున్నాను. ఫోన్లో మనిద్దరం ఒకేసారి మాట్లాడతాం, తర్వాత ఒకేసారి అలుగుతాం. ఉత్తరమైతే ఒకరి తర్వాత ఒకరం తిట్టుకోవచ్చు.

కాలేజీలో జీవితమంతా జంతుశాస్త్రం చెప్పినదాన్ని, ఉచితంగా చెబుతున్నాను, వినండి. తొట్టికి మూత ఉండాలి. నీళ్ళు అంచు దాకా నింపకూడదు, నాలుగు వేళ్ళ వెలితి ఉంచాలి. పైన తేలే మొక్కలు కొన్ని వేయండి, చేపలకు నెత్తిన నీడ ఉన్నట్టుంటుంది. చీకట్లో ఉన్నవాటి మీద టక్కున లైటు వేయకండి. ఇవి చేయడానికి డిగ్రీ అక్కర్లేదు.

ఇక అసలు విషయం. మా అమ్మాయి పది రోజులుంటానని పిల్లను చంకనేసుకుని వచ్చింది. నెల దాటింది. ఎందుకొచ్చావే అంటే "అక్కడ ఉండలేనమ్మా" అంటుంది. ఎందుకుండలేవు అంటే గోడకేసి చూస్తుంది. మీ అబ్బాయి ప్రతి ఆదివారం ఫోన్ చేసి ఎంత మర్యాదగా మాట్లాడతాడో, దీని మొహం అంత ముడుచుకుపోతుంది. నాకు ఈ నాటకాలు పడవు. పిల్ల బడి సెలవులు అయ్యేలోగా వచ్చి ఇద్దర్నీ తీసుకెళ్ళమని అల్లుడిగారికి చెప్పేశాను. అప్పటిదాకా ఆ చేపల్ని ప్రాణాలతో ఉంచండి, చాలు. తిరిగొచ్చే మనిషికి ఇంట్లో కనీసం తన చేపలైనా ఎదురు రావాలి కదా.

కోపం చల్లారలేదు. కుశలప్రశ్నలు వచ్చే ఉత్తరంలో.

మీ వియ్యపురాలు


మూడో అంతస్తు, రైలు వంతెన పక్క,
గురువారం

వదినగారికి,

ఉత్తరం అందింది. కవరు పట్టుకుంటేనే చెయ్యి కాలింది.

చేపల్ని పెంచింది మీ అమ్మాయి. వదిలేసి వెళ్ళింది మీ అమ్మాయి. కాపలా కాయమని నాకెవరూ చెప్పలేదు. నాకు తెలిసిందల్లా పొద్దున్న చిటికెడు మేత వేయడం. అది వేస్తున్నాను. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ముప్పై ఏళ్ళు ఊరందరి లైన్లూ కలిపాను గానీ చేపల లైను నాకు రాదు.

మూత ఉండేది. పగిలింది. గాజుది కదా, పగులుతుంది. ప్రస్తుతానికి ఇస్త్రీ బల్ల అడ్డంగా పెట్టాను. అది తొట్టి కన్నా పొడుగు, వెడల్పు తక్కువ. ఒక పక్క బెత్తెడు సందు మిగిలింది. మొన్న ఇంకొకటి సరిగ్గా ఆ సందులోంచే దూకింది. ఎలా చూసుకుందో.

నీళ్ళు నాలుగు వేళ్ళు తగ్గించాను. ఇప్పుడు తొట్టిలోని పంపు గురక పెడుతోంది.

ఇంట్లో అంతా ప్రశాంతంగా ఉంది. ఏ గొడవా లేదు. అబ్బాయి వేళకు ఆఫీసుకు వెళ్ళి వేళకు వస్తున్నాడు. మీరు అనుకున్నట్టే చేయండి.

పిల్ల ఎలా ఉంది? పాలు తాగుతోందా? దానికి గ్లాసులో ఇస్తే తాగదు, పూల కప్పులో ఇవ్వాలి. మీ అమ్మాయి చెప్పిందో లేదో.

మీ వదిన


లైబ్రరీ వెనక ఇల్లు,
మంగళవారం

వదినగారికి,

ఇస్త్రీ బల్ల. ఈ మాట చదివి కాసేపు కళ్ళజోడు తీసి కూర్చున్నాను. రేపు వాన కురిస్తే ఇంటి కప్పుకు దువ్వెన అడ్డం పెడతారేమో.

పైగా "గాజుది కదా, పగులుతుంది" అని రాశారు. వదినగారూ, నా దగ్గర చదువుకున్న పిల్లలు పరీక్షనాళికలు పగలగొట్టి ఇదే మాట చెప్పేవాళ్ళు. గాజు ఖాళీగా కూర్చుని పగలదు. ఎవరో ఒకరు పగలగొట్టాలి. మీరే అయితే ఒప్పుకోండి, కొత్తది చేయించి పంపుతాను, తిట్లు అందులోనే కలిపి.

అసలు చేప ఎందుకు దూకుతుందో తెలుసుకోకుండా మూత పెట్టడం సగం పని. నాకు తెలిసినంతలో కారణాలు కొన్నే. నీళ్ళు చెడితే ఊపిరాడక దూకుతుంది. తొట్టిలో ఒక చేప మిగతావాటిని తరుముతుంటే దూకుతుంది. చోటు చాలకపోతే దూకుతుంది. బెదిరితే దూకుతుంది. అక్వేరియం షాపతన్ని పిలిచి నీళ్ళు పరీక్ష చేయించండి. ఏదైనా చేప గూండాగిరీ చేస్తోందేమో ఒక గంట కూర్చుని చూడండి. ఒంటి మీద ముత్యాల్లాంటి చుక్కలున్న ఆ పెద్ద చేప మీద నాకు అనుమానం లేదు. మన పిల్ల దానికి "నాయనమ్మ" అని పేరు పెట్టిందట. ఎందుకే అంటే, నోరు తెరుస్తుంది, మూస్తుంది, ఏమీ అనదు అంది. నాలుగేళ్ళ పిల్లకు ఎంత చూపో.

పిల్ల పూల కప్పులోనే తాగుతోంది. కానీ దాన్ని మీరందరూ కలిసి ఏం గారం చేశారో గానీ, మరీ పిరికిదైపోయింది. గాలికి తలుపు కొట్టుకుంటే చాలు, భోజనాల బల్ల కిందికి దూరుతుంది. రమ్మంటే రాదు. నిన్న పక్కవాటాలో వడ్రంగి సుత్తి దెబ్బ వేస్తే చేతిలో రొట్టె వదిలేసి దూరింది. ఇలా అయితే బడిలో ఎలా వేగుతుందని వాళ్ళమ్మను కేకలేశాను. అది గోడకేసి చూసింది.

నెలాఖరు ఆదివారం అల్లుడుగారు వస్తానన్నారు. సరే అన్నాను. ఈ మాట చెప్పిన దగ్గర్నుంచి అమ్మాయి తిండి మానేసింది. నేనూ మొండిదాన్నే, ఎవరు గెలుస్తారో చూద్దాం.

మీ వియ్యపురాలు


మూడో అంతస్తు,
సోమవారం

వదినగారికి,

షాపతను వచ్చాడు. ఒక కాగితం ముక్క నీళ్ళలో ముంచి రంగు చూశాడు. నీళ్ళు బంగారంలా ఉన్నాయమ్మా, మా షాపులో కూడా ఇలా ఉండవు అన్నాడు. చోటు చాలినంత ఉందన్నాడు. చేపలు ఒకదాన్నొకటి ఏమీ అనుకోవడం లేదు. గంట కాదు, మూడు పూటలు కూర్చుని చూశాను.

పిల్ల బల్ల కింద దూరినప్పుడు చెవులు మూసుకుంటుందా, లేక ఊరికే కూర్చుంటుందా? ఇది తప్పకుండా రాయండి.

ఇక మీదట ఉత్తరాలు ఈ ఇంటికి రాయకండి. కింద మిషను కుట్టే ఆవిడ పేరున రాయండి. ఆవిడ నాకు ఇస్తుంది.

మీ వదిన


లైబ్రరీ వెనక ఇల్లు,
గురువారం

వదినగారికి, వయా మిషను కుట్టే ఆవిడ,

వియ్యపురాలు రాసిన ఉత్తరం ఇంట్లోకి రాకూడదా? నా ఉత్తరానికి అంటువ్యాధి ఏమైనా ఉందా? అరవై ఆరేళ్ళ వయసులో దొంగచాటు ఉత్తరాలు రాయాల్సి వస్తుందని అనుకోలేదు. కుర్రతనంలో ఆ అవసరం పడలేదు, ఇప్పుడు పడింది.

మీరడిగిన దానికి జవాబు: మూసుకుంటుంది. రెండు చేతులతో. కళ్ళు కూడా. ఇదేం ప్రశ్న? నేను చేపల గురించి అడిగితే మీరు పిల్ల గురించి అడుగుతారు.

సరే, నీళ్ళు బాగున్నాయి. చోటుంది. కొట్లాటల్లేవు. ఇక మిగిలింది ఒక్కటే. బెదురు. చేపకు చెవి బయటికి కనబడదు గానీ ఒళ్ళంతా చెవే. నేల అదిరినా, గాజు మీద వేలు తట్టినా దానికి పిడుగు పడ్డట్టుంటుంది. మీ పక్కన రైలు వంతెన ఉందన్నది నిజమే, కానీ ఆ రైళ్ళకు అవి మూడేళ్ళుగా అలవాటు పడ్డాయి. కొత్తగా ఏం మొదలైంది? ఏ వేళప్పుడు దూకుతున్నాయి? ముప్పై ఏళ్ళు చెవికి యంత్రం తగిలించుకుని అవతలివాళ్ళ దగ్గును బట్టి మనిషిని గుర్తుపట్టేదాన్నని గొప్పలు చెప్పేవారు. ఆ చెవులు ఇప్పుడు వాడండి.

మా వడ్రంగి చేత మూత చేయించాను. చెక్క చట్రం, మధ్యలో సన్నటి వల. గాలి ఆడుతుంది, చేప బయటికి రాదు. కొలతలు అల్లుడిగారినే ఫోన్లో అడిగాను. టేపు పెట్టి కొలిచి, నా ఆరోగ్యం కూడా అడిగి మరీ చెప్పారు. అంత ఓపికమంతుణ్ణి వదిలేసి ఇది ఇక్కడికొచ్చి కూర్చుంది. పార్సెలు రేపు అందుతుంది.

అమ్మాయి సూట్‌కేసు నేనే సర్దాను. తను ముట్టుకోనంది. గుమ్మం పక్కన పెట్టాను, రోజూ కళ్ళబడుతుందని. ఆదివారానికి ఇంకో పది రోజులుంది.

మీ వియ్యపురాలు


మూడో అంతస్తు,
సోమవారం

వదినగారికి,

మూత అందింది. సరిగ్గా కూర్చుంది. మూడు రోజులుగా నేల మీద ఒక్క చేప పడలేదు. మీరు గెలిచారు.

కానీ దూకడం మానలేదు. పైకెగిరి చట్రానికి తల కొట్టుకుంటున్నాయి. టక్. మళ్ళీ టక్. చిన్న చప్పుడే. కొళాయి కారుతుందనుకుని మొదటిరోజు వంటింట్లోకి వెళ్ళి చూశాను.

నా చెవులు వాడమన్నారు. వాడాను. పొద్దున్న లేదు. మధ్యాహ్నం లేదు. నేను కుర్చీ లాగినా లేదు, గిన్నె పడేసి చూశాను, అయినా లేదు. సాయంత్రం వీధి తలుపు తాళంలో తాళంచెవి తిరిగిన చప్పుడుకు మొదలవుతోంది. మనిషి ఇంకా లోపలికి రాకముందే.

మూత లేనప్పుడు అవి చప్పుడు లేకుండా చచ్చిపోయేవి. ఇప్పుడు వినబడుతోంది.

మీ వదిన


లైబ్రరీ వెనక ఇల్లు,
బుధవారం

వదినగారూ,

తాళంచెవి తిరిగాక ఏం జరుగుతుంది?

సాయంత్రం ఆ తాళం తీసుకుని వచ్చేది మీ అబ్బాయి తప్ప ఇంకెవరూ కాదు. చుట్టూ తిప్పకుండా రాయండి. మూత ఎవరు పగలగొట్టారో కూడా రాయండి. అర్జంటు పోస్టులో పంపండి, ఖర్చు నేనిస్తాను. నా ఎదురుగా సూట్‌కేసు ఉంది, దాని పక్కన మా అమ్మాయి ఉంది. ఆదివారం దగ్గర పడింది.


మిషను కుట్టే ఆవిడ గది,
గురువారం

వదినగారికి,

ఇక్కడ కూర్చుని రాస్తున్నాను. మిషను చప్పుడులో నా ఏడుపు వినబడదని ఆవిడ కుట్టేదేమీ లేకపోయినా తొక్కుతోంది.

తాళంచెవి తిరుగుతుంది. వాడు లోపలికి వస్తాడు. బూట్లు విప్పుతాడు. ఫాను ఎవరు ఆపలేదు అంటాడు. లేకపోతే టీ చల్లారింది అంటాడు. మొదట మామూలు గొంతే. తర్వాత పెరుగుతుంది. మాటకు ఒక దెబ్బ. గోడ మీద, బల్ల మీద. వాడి కుర్చీ తొట్టి పక్కనే. చెయ్యి చాచితే తొట్టి కింది చెక్కకు తగులుతుంది. అన్నిటికన్నా ఎక్కువ దాన్నే కొడతాడు.

మనిషి మీద మాత్రం ఎప్పుడూ చెయ్యి చేసుకోలేదు. ఇన్నాళ్ళూ ఇది నాకు నేను గొప్పగా చెప్పుకున్నాను.

వీళ్ళ నాన్నది ఇలాంటి గొంతు కాదు. ఆయన ఇంట్లో ఉన్నారో లేరో తెలిసేది కాదు. కాబట్టి వంశం మీద తోసేయడానికి కూడా లేదు. చిన్నప్పుడు వాడు అరిస్తే నేను చేసిందల్లా లేచి కిటికీలు వేయడం. పక్కవాళ్ళు వింటారని. పెళ్ళయ్యాకా అదే చేశాను. మీ అమ్మాయి ఎదురుగా వాడు అరుస్తుంటే ఒక్కొక్క కిటికీ వేసుకుంటూ వెళ్ళేదాన్ని. గొంతు తగ్గించరా అన్నాను. ఆపరా అని ఒక్కసారి అనలేదు.

మీ అమ్మాయి వెళ్ళిపోయిన సాయంత్రం పిల్ల వాడి ఆఫీసు కాగితాల మీద మంచినీళ్ళు ఒలకబోసింది. వాడు పిడికిలితో తొట్టి మూత మీద గుద్దాడు. గాజు పగిలి సగం లోపలికి, సగం నేల మీద పడింది. పిల్ల పక్కనే నిలబడి ఉంది. చేపలు దూకి గాజు ముక్కల మధ్య పడ్డాయి. మీ అమ్మాయి ఒట్టి చేతులతో ఒక్కొక్క చేపనూ ఏరి నీళ్ళలో వేసింది. చెయ్యి కోసుకుంది. తర్వాత పిల్లను ఎత్తుకుని, సూట్‌కేసు తీసుకుని వెళ్ళిపోయింది. నేను అప్పుడు వెనక గది కిటికీ దగ్గర ఉన్నాను.

ఇంట్లో ప్రశాంతంగా ఉందని మీకు రాశాను. అవును. వాడు అరుస్తాడు, నేను బదులు చెప్పను. మీరు బల్ల సంగతి రాశాక మూడు రాత్రులు నిద్ర పట్టలేదు. ఇక్కడ కూడా దూరేది. ఆడుకుంటోందని అనుకున్నాను. అనుకోవడం తేలిక.

ఆదివారం పంపకండి. వాడు నా కొడుకే. అయినా పంపకండి.


లైబ్రరీ వెనక ఇల్లు,
సోమవారం

వదినగారికి,

మీ ఉత్తరం శనివారం చేతికొచ్చింది. చదివి, సూట్‌కేసు తెరిచి, బట్టలన్నీ మళ్ళీ బీరువాలో పెట్టాను. అమ్మాయి గుమ్మంలో నిలబడి చూస్తోంది. "ఎవరు చెప్పారు?" అంది. మీ అత్తగారే అన్నాను. అది నేల మీద కూర్చుండిపోయింది. వచ్చిన ఇన్నాళ్ళకు ఏడ్చింది, పెద్దగా, చిన్నప్పుడు ఏడ్చినట్టు.

నాకెందుకు చెప్పలేదే అని అడిగాను. అప్పుడు బయటపడింది, మీరు అంత పొడుగు ఉత్తరంలో కూడా రాయని మాట. వెళ్ళే ముందు లిఫ్టు దగ్గర రక్తం కారుతున్న దాని చెయ్యి పట్టుకుని, "మీ అమ్మకు చెప్పకు, నా మొహం చూసి చెప్పకు" అని ఒట్టు వేయించుకున్నారట. ఇది ఆ ఒట్టుకు కట్టుబడి, నా చేత మొండిదని, నాటకాలాడుతోందని, ఇంకా ఇక్కడ రాయలేని మాటలు పడింది. మీ మొహం కోసం. ఆ మొహం నాకు ఎదురుగా ఉంటే ఏం చేసేదాన్నో నాకే తెలియదు.

నా సంగతి ఇంకో ఎత్తు. కాలేజీలో పిల్లలకు కప్ప గుండె ఎక్కడుందో చూపించినదాన్ని, నా కూతురి అరచేతిలో మానుతున్న గాటు చూసి "కూరగాయలు తరగడం కూడా రాదు" అన్నాను. ఆ కోపాన్ని ఎవరి మీదా తోయలేను కనుక అది నా దగ్గరే ఉంచుకుంటాను. మిగతాదంతా మీదే.

ఇక ఆదివారం. మీకు తెలియాలి కాబట్టి రాస్తున్నాను.

మీ అబ్బాయి పదింటికి వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో పళ్ళ సంచీ, పిల్లకు బొమ్మ. నేను గుమ్మానికి అడ్డంగా కుర్చీ వేసుకుని కూర్చున్నాను.

"నమస్కారం అత్తయ్యగారూ. సామాను సర్దించారా?"

"సర్దాను బాబూ. మళ్ళీ విప్పేశాను. వాళ్ళు రారు."

నవ్వాడు. మంచి నవ్వే. దానికే కదా మేం పడిపోయింది. "చిన్న చిన్నవి ఏ ఇంట్లో ఉండవండీ? మీరు పెద్దవాళ్ళు, మీరే సర్దిచెప్పాలి."

"సర్దిచెప్పడం నెల రోజులు చేశాను. ఇక నాకు ఓపిక లేదు. పళ్ళు తీసుకెళ్ళండి, దారిలో ఆకలేస్తుంది."

"మా అమ్మ ఏమైనా రాసిందా?"

"మీ అమ్మగారు నాకు చేపల గురించి తప్ప వేరే రాయరు."

ఇందులో అబద్ధం ఎక్కడుందో మీరే చెప్పండి.

అప్పుడు మీరు రాసినట్టే, ముందు మామూలు గొంతు, తర్వాత పెరిగింది. నా పెళ్ళాం, నా బిడ్డ, మీరెవరు మధ్యలో అన్నాడు. అరచెయ్యెత్తి మా తలుపు మీద ఒక్క చరుపు చరిచాడు. ఇల్లంతా అదిరింది. లోపల కుర్చీ జరిగిన చప్పుడైంది. పిల్ల బల్ల కిందికి వెళ్ళిపోయిందని వెనక్కి చూడకుండానే తెలిసింది నాకు. పక్కవాటాలో సుత్తి ఆగిపోయింది.

"ఇంకోటి వేయండి బాబూ," అన్నాను. "పక్కనే వడ్రంగి ఉన్నాడు. తలుపు బాగుచేసేదీ అతనే, సాక్ష్యం చెప్పేదీ అతనే."

వడ్రంగి అప్పటికే చేతిలో సుత్తితో బయటికొచ్చి నిలబడ్డాడు. పాపం, చెవి మీద పెన్సిలుతో అలా చూస్తున్నాడు. మా అమ్మాయి నా వెనక్కి వచ్చి కుర్చీ మీద చెయ్యి వేసింది. "నేను రాను. లాయరు ద్వారా మాట్లాడండి," అంది. మీ అబ్బాయి ఆమెను చూశాడు, వడ్రంగిని చూశాడు, ఇస్త్రీ చొక్కా సర్దుకుని దిగి వెళ్ళిపోయాడు. పళ్ళ సంచీ మెట్ల మీదే వదిలేశాడు. వడ్రంగికి ఇచ్చేశాను.

తర్వాత నా మోకాళ్ళు వద్దంటున్నా బల్ల కిందికి దూరి పిల్ల పక్కన కూర్చున్నాను. ఎంతసేపో తెలియదు. అక్కడి నుంచి చూస్తే మనుషులకు మొహాలుండవు వదినగారూ, కాళ్ళే ఉంటాయి. ఏ కాళ్ళు ఎటు వస్తున్నాయో చూసుకుంటూ బతికింది ఆ పిల్ల.

ఇప్పుడు మీ సంగతి. వాడు ఖాళీ చేతులతో మీ ఇంటికే తిరిగొస్తాడు. ఏం చేస్తారు? మళ్ళీ కిటికీలు వేస్తారా?

మీ వియ్యపురాలు


మూడో అంతస్తు,
శుక్రవారం

వదినగారికి,

లిఫ్టు దగ్గర జరిగింది నిజం. రాయడానికి సిగ్గేసి రాయలేదు. మీరు అన్నవన్నీ పడతాను.

ఆదివారం వాడు వచ్చేలోగా ఒక పని చేశాను. మీకు ఉత్తరం రాసిన రోజే అనుకున్నది. మిషను కుట్టే ఆవిడా నేనూ కలిసి చేపల్ని బకెట్లలో కిందికి దింపాం. అయిదు సార్లు ఎక్కి దిగాం. మూత కూడా తీసుకెళ్ళాం. ఒట్టి నీళ్ళ తొట్టి పైన మిగిలింది.

సాయంత్రం వచ్చాడు. నేను కుర్చీలోంచి లేవలేదు. ఇదంతా నీ వల్లే అన్నాడు, ఆ ముసలావిడకు ఎవరు ఎక్కించారు అన్నాడు. తొట్టి చెక్క మీద ఒకటి చరిచాడు. నీళ్ళు కొంచెం ఊగాయి, అంతే. ఇంకోటి చరిచాడు. అప్పుడు తొట్టిలోకి చూసి "చేపలేవి?" అన్నాడు.

"పంపించేశాను," అన్నాను. "ఇక ఆపరా."

నా నోట ఆ మాట ఎలా ఉంటుందో వాడికే కాదు, నాకూ తెలియదు. పెద్దగా రాలేదు. బొంగురుగా వచ్చింది. వాడు నా వైపు చూశాడు, చిన్నప్పటిలా. ఒక్క క్షణం జాలేసింది, అబద్ధమెందుకు. కానీ ఆగలేదు. ఈ ఇల్లు నా జీతంతో కొన్నది. నా పేరున ఉంది. నువ్వు వేరే చోటు చూసుకో. ఆ గొంతుకు ఎవరైనా మందు ఇస్తారేమో చూపించుకో, తగ్గాక రా. తగ్గకుండా వస్తే తలుపు తీయను. ఇలాగే అన్నాను, ఒక్కొక్కటిగా, ఎక్స్ఛేంజిలో నంబర్లు చదివినట్టు.

గంటసేపు అరిచాడు. కిటికీలన్నీ తెరిచే ఉన్నాయి. ఎదురింటివాళ్ళు బాల్కనీలోకి వచ్చారు. మర్నాడు పొద్దున్న బ్యాగు తీసుకుని కంపెనీ వాళ్ళ గదికి వెళ్ళాడు. తాళం మార్పించాను. కోర్టులో నన్ను అడిగితే మూత ఎవరు పగలగొట్టారో చెబుతాను. ఈ మాట మీ అమ్మాయితో చెప్పండి.

చేపలు మిషను కుట్టే ఆవిడ గదిలో ప్లాస్టిక్ టబ్బులో ఉన్నాయి. మూత ఉంది. రోజంతా మిషను తొక్కుతూనే ఉంటుంది, నేల అదురుతూనే ఉంటుంది. అయినా టక్ అని ఒక్కసారి వినబడలేదు. ఇదేమిటో మీరే చెప్పాలి, చదువుకున్నవాళ్ళు.

వాటిని మీ అమ్మాయికి చేర్చాలి. రైల్లో తేవచ్చా? తేవాలంటే ఎవరో ఒకరు పట్టుకుని రావాలి కదా. నేను రావచ్చా? వద్దంటే కొరియరు అతన్ని అడుగుతాను. పిల్లను దూరం నుంచి చూసి వెళ్ళిపోతాను.

మీ వదిన


లైబ్రరీ వెనక ఇల్లు,
సోమవారం

వదినగారికి,

కొరియరులో చేపలు పంపుతారట. మీరు నిజంగా ఎక్స్ఛేంజిలో పనిచేశారా, లేక బయట కాపలా కాశారా?

శ్రద్ధగా చదవండి. బయలుదేరే ముందు రోజు మేత వేయకండి. మందపాటి ప్లాస్టిక్ సంచుల్లో మూడో వంతు నీళ్ళు, మిగతాదంతా గాలి ఉండాలి. షాపతను గాలి పట్టించి కడతాడు. ఒక్కో సంచిలో నాలుగైదు చేపలు, పెద్దదానికి విడిగా ఒకటి. వాటిని నల్లటి గుడ్డ చుట్టి డబ్బాలో పెట్టండి, చీకట్లో కుదురుగా ఉంటాయి. డబ్బా ఒళ్ళో పెట్టుకోవాలి, సీటు కింద కాదు. ఇక్కడికొచ్చాక వెంటనే కుమ్మరించకూడదు, సంచులు నీళ్ళ మీద తేలనివ్వాలి. అవి కాస్త కుదుటపడ్డాక వదలాలి.

మిషను చప్పుడుకు ఎందుకు దూకవని అడిగారు. ఆ చప్పుడుకు కోపం లేదు. ఇది ఏ పుస్తకంలోనూ లేదు, పరీక్షలో రాస్తే నేనే సున్నా వేస్తాను.

వడ్రంగి కొత్త తొట్టికి బల్ల చేస్తున్నాడు. మూత కూడా మళ్ళీ అతనే చేస్తున్నాడు. ఎంత మంచి నీళ్ళలోనైనా చేప ఒక్కోసారి ఊరికే ఎగురుతుంది. అమ్మాయి పక్కన కూర్చుని కొలతలు చెబుతోంది. నిన్నటి నుంచి భోజనం సరిగ్గా చేస్తోంది. మీ సాక్ష్యం మాట చెప్పాను. "అత్తయ్యగారు అంత మాట అన్నారా?" అని రెండుసార్లు అడిగింది. ఉత్తరం చేతికిచ్చాను.

దూరం నుంచి చూసి వెళ్ళిపోతానని రాశారు. అలాంటి మాటలు నా దగ్గర పనికిరావు. మీరు ఆఖరికి మంచి పని చేశారు. దానితో నా కోపం ఒక్క చెంచాడు కూడా తగ్గలేదు. లిఫ్టు దగ్గర ఒట్టు గురించి, ప్రశాంతంగా ఉందని రాసిన ఆ ఉత్తరం గురించి, నేను మీతో ఎదురెదురుగా కూర్చుని మాట్లాడాల్సింది చాలా ఉంది. ఉత్తరాల్లో పట్టదు. మీరూ ఊరుకోకుండా బదులు చెప్పాలి, నాకు ఒక్కదాన్నే అరవడం అలవాటు లేదు. పిల్ల నిద్రపోయాక, పెరటి మెట్ల మీద, గొంతులు పెంచకుండా పోట్లాడుకుందాం.

ముందు గదిలో మీకు మంచం వేయించాను. తిరుగు టికెట్టు తీసుకోకండి. నేను అనాల్సింది ఒక వారంలో అయ్యేది కాదు.

మీ వియ్యపురాలు